ఒంటి మీద కొలువు

కావ్యాలలో కాలం – 11

విజయనగరం రాజుగారి టోపీ ఖరీదు మనకు తెలుసు: ఇరవై క్రుజాడోలు. అచ్యుతరాయల రోజుల్లో, 1535 ప్రాంతంలో, ఆ నగరంలో ఉన్న ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టి పోయాడు. వర్తకుడు కదా, ఏ వస్తువు కనిపించినా ముందు ధర కట్టాడు. రాజు కట్టే జరీ పట్టుబట్ట ఒక్కొక్కటి పది పర్దావులట. మన వరహాను వాళ్ళు పర్దావు అనేవారు. తల మీద జరీ టోపీలు, వాటి పేరు ‘కులాయిలు’. ఒకసారి తల మీంచి తీసిన కులాయిని రాజు మళ్ళీ పెట్టుకోడు. ఒకసారి విడిచిన బట్ట మళ్ళీ కట్టడు. విడిచినవి అందుకోవడానికే ప్రత్యేకంగా ఉద్యోగులున్నారు, వాళ్ళు వాటికి లెక్క అప్పజెప్పాలి. ఆ బట్టలు ఎవరికీ ఇవ్వరు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. గుళ్ళకు ఊళ్ళు, కవులకు అగ్రహారాలు ధారపోసిన కొలువు అది. అలాంటి చోట కట్టి విడిచిన బట్ట మాత్రం ఒక్కరికీ దక్కదు. ఇది పొదుపు కాదు, ఆ రోజుల్లో దర్జాకు గుర్తు అని నూనిజే అన్నాడు. నాకు ఇంకొంచెం ఎక్కువే కనిపిస్తుంది. రాజు ఒంటిని తాకిన బట్టలో రాజరికం కొంత అంటుకుని ఉంటుంది. అది ఇంకొకడి ఒంటి మీదికెక్కితే, వాడికి ఎంత వాటా ముట్టినట్టో లెక్క తేలదు.

కొత్త బట్టల సంగతి వేరు. నూనిజ్ కంటే పదిహేనేళ్ళ ముందు, కృష్ణదేవరాయలను కళ్ళారా చూసిన దొమింగో పైస్ ఒక దృశ్యం వదిలివెళ్ళాడు. రాయలు తెల్లని బట్టల్లో ఉన్నాడు, వాటి మీద బంగారు గులాబీలు కుట్టి ఉన్నాయి. మెడలో వజ్రాల పతకం, తల మీద జరీ కుళ్ళాయి, కాళ్ళకు మాత్రం ఏమీ లేదు. రాజున్న చోట ఎవరి కాళ్ళకూ చెప్పులుండకూడదు. తనను చూడవచ్చిన క్రిస్తోవావ్ ద ఫిగెరేదోను సాగనంపుతూ రాయలు అతనికి జరీ కబాయి ఒకటి, తాను పెట్టుకునే తరహా కుళ్ళాయి ఒకటి ఇచ్చాడు. అతని వెంట వచ్చినవాళ్ళకు మాత్రం బొమ్మలు కుట్టిన వస్త్రం తలా ఒకటి. కబాయి అంటే మోకాళ్ళ కిందిదాకా వచ్చే, చేతులున్న, కుట్టించిన అంగీ. వచ్చినవాళ్ళలో పెద్ద ఎవరో చిన్న ఎవరో ఆ బట్టలే చెప్పేశాయి.

ఇప్పుడు దాదాపు వందేళ్ళు వెనక్కి వెళదాం. అదే నగరం, అదే కుళ్ళాయి. ఈసారి తల ఒక తెలుగు కవిది.

శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో ఒకటి తెలుగు చదువుకున్న ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ అని పిలిచి, ఆమెకు తన పాట్లు ఏకరువు పెడతాడు. కుళ్ళాయి పెట్టుకున్నాను, కోక చుట్టాను, పెద్ద అంగీ తొడిగాను అంటాడు. ఆ తర్వాత తిండి వంతు: వెల్లుల్లి కలిపిన నువ్వుల పిండి, చల్ల కలిపిన అంబలి. ఇంత చేసినా దయ రాలేదా, నేను శ్రీనాథుణ్ణి అని ముగిస్తాడు. చాటువులు నోటి వెంట నడిచొచ్చినవి, శాసనాల్లా సాక్ష్యం చెప్పవు. అయినా ఒక కాలం తన కవిని ఏ వేషంలో ఊహించుకుందో చెప్పడానికి చాటువుకు మించిన సాక్షి లేదు.

పద్యం విని అందరం నవ్వుతాం. గోదావరి, కృష్ణా తీరాల్లో సుఖంగా తిరిగిన భోగి, పరాయి రాజధానిలో టోపీ పెట్టుకుని అంబలి తాగుతున్నాడని నవ్వు. చాలామంది వ్యాఖ్యానం అక్కడితో ఆగుతుంది. నాకు మాత్రం ఆ వరస ముఖ్యం. అంబలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది బట్ట. తిండి కష్టం ఎవరికైనా ఉంటుంది. బట్ట మార్చడం మాత్రం కొలువులో చేరడానికి ఒప్పుకోవడం. మీ కొలువుకు తగ్గ వేషం వేశాను, ఇంక కొలువులోకి రానివ్వడం మీ వంతు. పద్యంలోని అర్జీ ఇది. నవ్వు దానికి పూసిన చక్కెర.

ఈ అర్జీ బరువు తెలియాలంటే ఆ రోజుల్లో తెలుగుదేశపు పండితుడి ఒంటి మీద ఏముండేదో గుర్తు చేసుకోవాలి. నడుముకు పంచె, భుజాన ఉత్తరీయం, చెవులకు కుండలాలు. కుట్టుబట్ట లేదు. కాకతీయుల శిల్పాల్లో రాజులు సైతం పైన నగలే ధరిస్తారు, బట్ట నడుము కిందే. మన కావ్యాల్లో నాయకుడి వర్ణన ఆజానుబాహువుల మీద, విశాలమైన వక్షం మీద, దాని మీద ఊగే హారాల మీద నడిచేది అందుకే. కనిపించే ఒళ్ళే తేజస్సుకు గుర్తు. పర్షియా, అరబ్బు దేశాల మర్యాద దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ పెద్దమనిషి మెడ నుంచి మడమ దాకా కప్పుకుంటాడు, తలను బోసిగా వదలడు. సుల్తాను ఎవరినైనా కరుణిస్తే అంగీ కప్పిస్తాడు, దాన్ని తొడుక్కున్నవాడు ఆ పెద్దరికాన్ని అందరి ముందూ ఒప్పుకున్నట్టు. ఈ అలవాటు బాగ్దాదు నుంచి ఢిల్లీ దాకా, ఢిల్లీ నుంచి దక్కను దాకా నడిచింది.

విజయనగరం ఈ రెండు మర్యాదల నడుమ వెలిసిన ఊరు. తొలి రాయలు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే. ఈ బిరుదును, కబాయి కుళ్ళాయిలను కలిపి చదివిన చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్. 1996లో రాసిన ఒక వ్యాసంలో ఆయన తేల్చిన విషయం నాకు సబబుగా తోస్తుంది. రాయలు మతం మార్చుకోలేదు, ఎవరికీ తల వంచనూ లేదు. హోర్ముజు నుంచి గుర్రాలు రావాలి, హేరాత్ నుంచి రాయబారులు రావాలి, పొరుగున బహమనీలతో యుద్ధమో సంధో ఎప్పుడూ ఉంటుంది. వాళ్ళందరికీ రాజని చూడగానే తెలిసే బట్ట కట్టాలి, కట్టారు.

శ్రీనాథుడు వెళ్ళింది రెండవ దేవరాయల (1424–46) కొలువుకు. హేరాత్ నుంచి షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో ఇదే దేవరాయలను చూశాడు. రాజు ఒంటి మీద జైతూన్ పట్టు అంగీ, మెడలో ముత్యాల పట్టెడ. జైతూన్ చైనాలో ఒక రేవు. అంటే కన్నడ రాజు ఒంటి మీద చైనా పట్టు, పర్షియా కుట్టు. చైనా పట్టు శ్రీనాథుడికి కొత్తేమీ కాదు. హరవిలాసాన్ని ఆయన అంకితమిచ్చింది అవచి తిప్పయ్యశెట్టికి. ఆ శెట్ల ఓడలు ఏ దేశం నుంచి ఏ సరుకు తెచ్చేవో కావ్యం మొదట్లోనే జాబితా ఉంది: సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనాంబరాలు. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లిలో శాసనం వేయించి రేవుకు వచ్చే బేహారులకు సుంకాల్లో సడలింపులిచ్చిన కాలం నుంచి కొండవీటికి ఆ సరుకు అలవాటే. కనక దేవరాయల కొలువులో శ్రీనాథుణ్ణి ఇబ్బంది పెట్టింది పట్టు కాదు, కుట్టు. కప్పుకునే బట్టను ఎలాగైనా వేసుకోవచ్చు. కుట్టిన అంగీ తొడిగేవాణ్ణి తన కొలతకు మార్చుకుంటుంది.

ఆ తర్వాత ఆయన ఆ కొలువు పండితుడు గౌడ డిండిమభట్టుతో వాదించి గెలిచాడు, భట్టు కంచుఢక్కను పగలగొట్టించాడు, దీనారాలతో టంకాలతో స్నానమాడాడు. ఈ కథ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, ఇక్కడ మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం గమనించండి. ఆ సన్మానం జరిగింది ముత్యాలశాలలో, నలుగురూ చూస్తుండగా. మునుపు అంగీ కప్పుకున్న ఒంటి మీదే ఇప్పుడు బంగారం పోశారు.

ఈ కొలువు దుస్తులు ఎలా ఉండేవో చూడాలనుకునేవాళ్ళు లేపాక్షి వెళ్ళాలి. 1530ల నాటి వీరభద్రాలయం పైకప్పు బొమ్మల్లో పొడుగాటి కుళ్ళాయిలు, పల్చని తెల్లని కబాయిలు వేసుకున్న ప్రముఖులు వరసగా నిలబడి ఉంటారు. పల్చదనం ఎంతంటే కింద పంచె అంచు కనబడుతుంది. అక్కడి నుంచి తిరుమల వెళితే ఇంకో సంగతి. గుడిలో రాయలూ, తిరుమలదేవీ, చిన్నాదేవీ చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి. రాయల తల మీద కుళ్ళాయి ఉంది, కబాయి లేదు. పైన ఒట్టి నగలే, కింద పంచె. (సినిమా రాయలవారిని కిరీటంలో చూసి పెరిగినవాళ్ళకు ఆ టోపీ కాస్త నిరాశే.) రాజుల ఎదుట కప్పుకున్న ఒంటిని దేవుడి ఎదుట విప్పాడు. టోపీ ఎందుకు తియ్యలేదో శిల్పి చెప్పలేదు. కానీ ఒకే మనిషి రెండు మర్యాదలనూ ఎక్కడికక్కడ పాటించాడని ఆ విగ్రహం చెబుతుంది.

ఈ రాజే కవి కూడా. ఆయన రాసిన కావ్యం పేరులోనే ధరించి విడిచిన వస్తువు ఉంది. ఆముక్తమాల్యద: తాను ముడిచిన మాలను దేవుడికిచ్చిన పిల్ల, గోదాదేవి. కళింగ దండయాత్ర దారిలో శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలో కనబడి కావ్యం రాయమన్నాడని రాయలు పీఠికలో చెప్పుకున్నాడు. ఏం రాయమన్నాడో కూడా చెప్పాడు. పూర్వం ఒక మగవాడిచ్చిన పూలదండ పుచ్చుకున్నాను, అదొక కొరతగా మిగిలింది. ఆడపిల్ల ముడిచి ఇచ్చిన దండ కథ చెప్పి ఆ కొరత తీర్చు. తాను తెలుగురాయణ్ణనీ నువ్వు కన్నడరాయడివనీ దేవుడు అక్కడే చమత్కరిస్తాడు. శ్రీనాథుడు వేడుకున్న కన్నడ రాజ్యానికి ఇప్పుడు తెలుగు దేవుడు ఆజ్ఞ ఇస్తున్నాడు.

నూనిజ్ మాటను దీని పక్కన పెట్టి చూడండి. కొలువులో రాజు విడిచింది ఎవరికీ చెందదు. గుడిలో దేవుడు విడిచింది భక్తుడికి చెందుతుంది. తిరుమలలో ఇప్పటికీ ప్రముఖులకు కప్పే శేషవస్త్రం ఆ లెక్కలోదే, తలకు చుట్టే పరివట్టం కూడా. గోదాదేవి కథలో మాత్రం భక్తురాలు విడిచింది దేవుడికి చెందుతుంది, ఆయన దాన్నే కోరి అడుగుతాడు. విడిచిన బట్టలకు కూడా లెక్క పెట్టించే సింహాసనం మీద కూర్చున్న మనిషి ఈ కథను ఎన్నుకున్నాడు. కలలో దేవుడు చెప్పాడు కనక రాశాడని సరిపెట్టుకోవచ్చు. రోజూ కొత్త బట్ట కట్టే మనిషికి ఒకరు ముడిచిన పువ్వు విలువ బాగా తెలిసి ఉంటుందని నేను అనుకుంటాను.

ఆంధ్రవిష్ణువు గుర్తు చేసుకున్న ఆ మగవాడు మథురలోని సుదాముడనే మాలాకారుడు. భాగవతం దశమ స్కంధంలో అతని ఇంటికి వెళ్ళే ముందే కృష్ణుడు ఇంకో పని చేస్తాడు. కంసుడి బట్టలు ఉతికే రజకుడు ఎదురైతే, మాకు తగిన బట్టలు ఇవ్వమని అడుగుతాడు. ఇవి రాజుగారివి, అడవుల్లో కొండల్లో తిరిగేవాళ్ళకు ఇవి కావాలా అని రజకుడు కసురుకుంటాడు. కృష్ణుడు అతణ్ణి అక్కడే చంపి, తనూ అన్నా చెరొకటి కట్టుకుని, మిగిలినవి గోపాలురకు పంచేస్తాడు. పోతన తెలుగులో ఈ ఘట్టం చదువుకున్న పిల్లలు చాలామంది, బట్ట ఇవ్వనందుకు చంపడమా అని అడిగే ఉంటారు. ఆ కాలపు శ్రోతకు ఆ సందేహం వచ్చి ఉండదు. రాజు బట్ట ఒంటి మీదికి వచ్చిందంటే రాజ్యం సగం వచ్చినట్టే. కంసవధ మర్నాడు జరిగింది, పదవి మారడం ఆ వీధిలోనే మొదలైంది.

తిక్కన విరాటపర్వంలోనూ ఇదే సంగతి ఇంకాస్త వెటకారంగా ఉంది. గోగ్రహణ యుద్ధానికి బయలుదేరుతున్న, బృహన్నల వేషంలోని అర్జునుణ్ణి రాకుమారి ఉత్తర, మా బొమ్మపొత్తికలకు కౌరవుల బట్టలు తెమ్మని అడుగుతుంది. యుద్ధం చివర సమ్మోహనాస్త్రం వేసి, మూర్ఛపోయిన రథికుల ఒంటి మీంచి బట్టలు తెమ్మని అర్జునుడు ఉత్తరుణ్ణి పంపుతాడు. భీష్ముడి వైపు మాత్రం వెళ్ళవద్దంటాడు, ఆయనకు ఆ అస్త్రానికి విరుగుడు తెలుసు. ఆలమందలు తిరిగి వచ్చాయి, అంతకంటే ముఖ్యంగా హస్తినాపురపు జరీ విరాటనగరంలో ఆడపిల్ల బొమ్మకు చీరయింది. ద్రౌపది చీరను లాగిన సభకు అర్జునుడిచ్చిన మొదటి జవాబు ఇది. ప్రాణాలు తియ్యలేదు, బట్టలు తీశాడు. ద్రౌపదీ వస్త్రాపహరణం మీద చాలామంది చాలా రాశారు, అందుకే ఆ ఘట్టాన్ని ఇక్కడ విడిగా ఎత్తుకోలేదు.

ఇంతవరకూ రాజుల బట్టలు. శ్రీనాథుడికి ముందే, పదమూడో శతాబ్దంలో, ఈ వ్యవహారాన్నే తలకిందులు చేసిన కవి పాల్కురికి సోమనాథుడు. వస్త్రాల పేర్లు ఆయనకు తెలిసినన్ని ఇంకే తెలుగు కవికీ తెలియవేమో. జయరంజి, భూతిలకం, మహాచీని అంటూ ఊపిరి తిప్పుకోకుండా పేర్లు గుప్పిస్తాడు. చరిత్రకారులు ఆ పట్టికను నేత పరిశ్రమకు ఆధారంగా పదేపదే ఉదహరిస్తారు, మంచిదే. కానీ బసవపురాణంలో సోమనాథుడి మనసు ఉన్నది పట్టు మీద కాదు, దాన్ని నేసేవాడి మీద, ఉతికేవాడి మీద. మడివాలు మాచయ్య చాకలి. శివభక్తుల బట్టలు తప్ప ఉతకడు. ఆ మూటను భవి, అంటే శివభక్తుడు కానివాడు, తాకితే కత్తి దూస్తాడు. రాజు బిజ్జలుడు ఏనుగును తోలినా లొంగడు. జేడర దాసయ్య నేతగాడు. ఎంతో కష్టపడి నేసిన వస్త్రాన్ని జంగమ వేషంలో వచ్చిన శివుడు అడిగి పుచ్చుకుని కళ్ళ ముందే చింపేస్తే, దాసయ్య కోపం తెచ్చుకోడు. ఎన్నడూ తరగని ధాన్యనిధి అతనికి దక్కుతుంది.

మథుర రజకుడికీ మాచయ్యకూ ఉన్న తేడా చూశారా? ఇద్దరూ మూట మోస్తున్నారు, ఇద్దరూ తాకనివ్వం అంటున్నారు. ఒకడిది రాజు మూట కనక కథలో చచ్చాడు, ఇంకొకడిది భక్తుల మూట కనక రాజునే నిలదీశాడు. అక్కమహాదేవి అయితే బట్టనే వదిలేసింది. రాజు కౌశికుడి ఇల్లు విడిచి, ఒంటికి జుట్టే కప్పుగా చేసుకుని కల్యాణం చేరిందని వీరశైవుల కథ. ఒంటి మీద రాజు ముద్ర ఉండకూడదంటే బట్టే ఉండకూడదన్నంత కచ్చితం ఆమెది. ఈ తెగువ మన రాజాస్థాన కవుల్లో ఎవరికీ రాలేదు, వాళ్ళ బతుకులు అలాంటివి.

రాజాస్థాన కవి ఒంటి మీద గౌరవం ఎక్కడెక్కడ ఎక్కుతుందో లెక్క ఉండేది. మెడకు హారం, ముంజేతికి కంకణం, భుజానికి శాలువ, కాలికి గండపెండేరం. రాయలు పోయాక అల్లసాని పెద్దన చెప్పాడనే పద్యంలో ఈ లెక్క జాడ ఉంది. రాజు ఏనుగును ఆపి చెయ్యి ఇచ్చి ఎక్కించుకున్నాడు, పల్లకీకి తన చెయ్యి పట్టాడు, గండపెండేరాన్ని తన చేతులతో తొడిగాడు. పెద్దన ఆ పద్యంలో ఆస్తుల కంటే ముందు రాజు చేతినే తలుచుకున్నాడు. తొడిగినది ఎంత ఖరీదో చెప్పలేదు, తొడిగిందెవరో చెప్పాడు.

అదే లెక్కను శ్రీనాథుడి చివరి రోజుల చాటువులో తిరగేసి చదవాలి. రెడ్డిరాజ్యాలు పోయి గజపతుల చేతికి సీమ వచ్చిన కాలం. ముసలి కవి కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకు తీసుకున్నాడు. పంట ఏరు కొట్టుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి, ఏడు వందల టంకాలు కట్టలేకపోయాడు. అధికారులు శిక్ష వేశారు. ఆ శిక్షను పద్యం నాలుగు చోట్ల చూపిస్తుంది: మెడకు పొగడదండ, కాళ్ళకు సంకెళ్ళు, ముంజేతికి వెదురు గొడియ, భుజం మీద నగరి వాకిట పడి ఉండే నల్లగుండు. ప్రతి చోటా ఆ ఒంటి పాత బిరుదొకటి తలుచుకుంటాడు. కంఠం కవిరాజుది, పాదాలు నైషధకర్తవి, చెయ్యి వీరభద్రారెడ్డి విద్వాంసుడిది, భుజం సార్వభౌముడిది. కొండవీటి, రాజమహేంద్రవరం కొలువులు ఎక్కడెక్కడ సన్మానం చేసేవో, కొత్త దొరలు సరిగ్గా అక్కడక్కడే శిక్ష తగిలించారు. ఆ పద్యంలో బట్ట ఊసే లేదు. ఎదురెండలో నిలబెట్టిన మనిషికి ఉత్తరీయం ఉందో లేదో కవి పట్టించుకోలేదు. విన్నవాళ్ళకు ఆ నాలుగు చోట్లు చాలు, అక్కడ పూర్వం ఏముండేవో వాళ్ళకు తెలుసు.

శ్రీనాథుడు పోయిన వందేళ్ళకు తెలుగు కవులకు ఇంకో దర్బారు తలుపు తెరిచింది. గోలకొండలో ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన అచ్చతెలుగు యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. కబాయిలు పుట్టింటి నుంచే వచ్చిన ఆ దర్బారులో తెలుగు పద్యం ఎలా నిలదొక్కుకుందో వచ్చే భాగంలో.